మందు మానిన తర్వాతే అసలు గండం

(మా గ్రామీణ విలేకరి)

పత్తర్‌గట్టి: పెండ్లి పెట్టుకున్న పాలమూరు పల్లెల వారు బట్టల బేరానికి చివరికి చేరేది ఇక్కడికే. ఇమ్లీబన్‌లో బస్సు దిగి, అఫ్జల్‌గంజ్ దిక్కు నుంచి నయాపూల్ దాటి మదీనా చౌరస్తాకు వస్తే, అక్కడి నుంచి చార్మినార్ వైపు రోడ్డుకు రెండు పక్కలా రాతి కమానుల వరుస కనబడుతుంది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచిన తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు పాతబస్తీని బాగుచేసే పనిలో భాగంగా కట్టించిన బజారు ఇది. కమానుల కింద చీరెలు, ముత్యాలు, అత్తరు సీసాలు. పక్క దారి పడితే శుభలేఖలు అచ్చువేసే ఛత్తాబజారు. బేరం చేతనైనవారికి ఒక్క పూటలో పెండ్లి సామాను సగం అయిపోతుంది.

మొన్నటి పెండ్లిళ్ల కాలంలో ఈ విలేకరి కూడా ఒక కుటుంబంతో ఇక్కడికి వచ్చాడు. మా ఊరి మేస్త్రీ ఒకాయన బిడ్డ పెండ్లి. నగరం దారులు తెలిసినవాడు వెంట ఉంటే బాగుంటుందని పిలిచారు. ఆ మేస్త్రీయే ఈ వ్యాసానికి కారణం. ఆయన పేరు రాయడం లేదు. రాస్తే ఊరికి కొత్తగా తెలిసేదేమీ లేదు, ఆయనకు మాత్రం పని ఇచ్చేవారు తగ్గుతారు.

మేస్త్రీ పద్దెనిమిదేళ్లు తాగాడు. పొద్దున లేవగానే చేతులు వణకకుండా ఉండేందుకు ఒక క్వార్టర్, పని దిగిన తర్వాత రెండు, నడుమ దొరికితే కల్లు. నిరుడు సంక్రాంతి దాటిన తర్వాత ఇంట్లో డబ్బులు లేక రెండు రోజులు తాగలేదు. రెండో నాటి రాత్రి మూర్ఛ వచ్చి పడిపోయాడు. నగరంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో 21 రోజులు ఉంచి బాగుచేసి పంపారు. ఇంటికి వచ్చిన తర్వాత నాలుగు నెలలు చుక్క ముట్టలేదు. ఊరంతా ఆశ్చర్యపోయింది. ముఖం తేటపడింది. భార్య ఆయన చేతికి మళ్లీ డబ్బులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక భయం లేదని అందరూ అనుకున్నారు. ఈ విలేకరి కూడా అలాగే అనుకున్నాడు.

పత్తర్‌గట్టిలో ఆనాడు జరిగింది చాలా చిన్న సంగతి. తెల్లవారుజామున నాలుగు గంటల బస్సుకు బయలుదేరాం. మధ్యాహ్నం రెండు దాటినా ఎవరమూ అన్నం తినలేదు. ఆడవారు చీరెల దుకాణంలో కూర్చున్నారు, మేస్త్రీ మూటలు పట్టుకొని కమాను కింద నిలబడ్డాడు. మగపెండ్లివారి నుంచి ఫోను వచ్చింది, పెట్టుబట్టలు ఇంకో నలుగురికి కావాలని. భార్యాభర్తలకు మాటామాటా పెరిగింది. నలుగురిలో ఆమె అన్నది, "తాగి పారబోసింది ఉంటే ఇయ్యాల ఈ గోస ఎందుకు?" ఆయన జవాబు చెప్పలేదు. కాసేపటికి చాయ్ తాగి వస్తానని మూటలు ఈ విలేకరికి అప్పగించి పోయాడు. రెండు గంటలు గడిచినా రాలేదు. వెతకగా వెతకగా ఇమ్లీబన్ బస్టాండులో ఒక బల్ల పక్కన నేలమీద దొరికాడు. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలుకు లేదు, నోటి నుంచి వాంతి కారుతున్నది. తోటి ప్రయాణికుడెవరో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. ఆ పుణ్యాత్ముడు తిప్పకపోతే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ప్రాణం పోయేదని తర్వాత ఆసుపత్రిలో చెప్పారు.

ఎంత తాగాడని అడిగితే తేలింది, ఎప్పుడూ తాగే మూడు క్వార్టర్లే. ఒక్క చుక్క ఎక్కువ లేదు.

పాత కొలత, కొత్త ఒళ్లు

మన పల్లెల్లో ఎవరికీ సరిగ్గా తెలియని సంగతి ఇదే. ఏళ్ల తరబడి తాగేవాని ఒంటికి మందు అలవాటవుతుంది. కొత్తవాణ్ణి పడగొట్టే మోతాదు వానికి వణుకు ఆపడానికి మాత్రమే సరిపోతుంది. కాలేయం మందును తొందరగా విరిచేస్తుంది, మెదడు మత్తుకు ఎదురు నిలబడడం నేర్చుకుంటుంది. మానిన తర్వాత కొన్ని వారాల్లో ఈ తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. కానీ చేతికి, నోటికి మాత్రం పాత కొలతే గుర్తుంటుంది. నాలుగు నెలల తర్వాత మూడు క్వార్టర్లు తాగిన మనిషి, ఆనాటికి, కొత్తగా తాగినవానితో దాదాపు సమానం. దానికి ఖాళీ కడుపు తోడైతే చెప్పనక్కర లేదు.

మందు సంగతే ఇలా ఉంటే హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుల్లో ఇది మరీ ఘోరం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైళ్ల నుంచి విడుదలైన వారి లెక్కలు తీసి 2007లో ప్రకటించారు. విడుదలైన మొదటి రెండు వారాల్లో మత్తు మోతాదు మించి చనిపోయే ప్రమాదం వారికి సాధారణ జనం కంటే 129 రెట్లు ఉన్నట్టు తేలింది. జైలులో మత్తు దొరకక ఒంటి శక్తి తగ్గింది. బయటికి వచ్చి పాత మోతాదే తీసుకున్నారు. ఇమ్లీబన్‌లో మేస్త్రీకి జరిగింది కూడా ఈ దారిలోనిదే.

ఇంకో సంగతి ఉన్నది. మందును ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపడం ఎన్నిసార్లు జరిగితే ఆపినప్పుడు వచ్చే వణుకు, మూర్ఛ అన్నిసార్లు ముదురుతాయని వైద్యులు చెబుతారు. మొదటిసారి చేతుల వణుకుతో పోయినవానికి మూడోసారి మూర్ఛ రావచ్చు. నాలుగోసారి లేనివి కనబడి, గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేయవచ్చు. ఈ మతిచలనం సాధారణంగా ఆపిన రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల వస్తుంది. దానికి చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. మన దగ్గర దీనికి దయ్యం పట్టిందని పేరు పెట్టి తాయెత్తు కట్టడం ఇప్పటికీ ఉన్నది. మూర్ఛ వస్తే చేతిలో ఇనుప తాళంచెవి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం కూడా ఉన్నది. తాళంచెవితో ఏమీ కాదు, చెంచాతో పండ్లు విరుగుతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయడమే చేయవలసింది.

2015 సెప్టెంబరు

పాలమూరు, మెదకు, నిజామాబాదు జిల్లాల వారికి ఈ పాఠం కొత్తది కాదు. 2015లో తెలంగాణ ప్రభుత్వం గుడుంబా మీద, కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేసింది. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరని మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెట్ల నుంచి దిగే కల్లు అమ్మకానికి చాలదు. నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్‌ప్రజోలం వంటివి వేస్తారు. చివరి రెండూ నిద్రమాత్రల జాతివి. కూలి పని దిగి సాయంత్రం రెండు సీసాలు తాగేవాడు తాను కల్లు తాగుతున్నాననే అనుకుంటాడు. నిజానికి ఏళ్ల తరబడి నిద్రమాత్రలు మింగుతున్నాడు.

దాడులకు భయపడి కల్లులో మందు కలపడం ఆపేశారు. ఆ సెప్టెంబరులో ఊళ్లకు ఊళ్లు తల్లడిల్లాయి. ఆడవాళ్లు, ముసలివాళ్లు, కూలీలు చేతులు వణికి, మెడలు వంకర్లు పోయి, పొంతన లేకుండా మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరారు. జిల్లా ఆసుపత్రులు చాలక హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తరలించారు. కొందరు చనిపోయారు. కల్తీ చేసినవారి మీద కేసులు సరే, తాగేవారికి చెప్పకుండా, వైద్యం సిద్ధం చేయకుండా ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ముందుగా ఆలోచించినట్టు కనబడలేదు. నిద్రమాత్రలకు అలవాటుపడిన ఒంటికి వాటిని కొంచెం కొంచెంగా తగ్గించాలి తప్ప ఒక్క దెబ్బకు ఆపరాదు. ఈ మాట వైద్యశాస్త్రంలో పాతదే.

తర్వాత జరిగింది ఈ వ్యాసానికి ఇంకా ముఖ్యం. ఆసుపత్రి నుంచి బాగై వచ్చినవారు చేరింది ఎక్కడికి? అదే ఊరికి, అదే వాడకు, అదే కల్లు దుకాణం ముందరి దారికి. దాడుల వేడి తగ్గిన తర్వాత మందు కల్లు మళ్లీ వచ్చింది. తిరిగి తాగినవారెందరో ఎవరూ లెక్క తీయలేదు. లెక్క తీయకపోవడమే ఒక జవాబు. ఆల్‌ప్రజోలం పట్టివేతలు నేటికీ పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. మాదకద్రవ్యాల చట్టం కింద 100 గ్రాములు దాటితే అది వాణిజ్య పరిమాణం, శిక్ష పదేళ్లకు తగ్గదు. అయినా ఆగలేదు. 2025 జూలైలో నగరంలోనే, కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

2020 మార్చిలో కరోనా కోసం అన్నీ మూసినప్పుడు మద్యం దుకాణాలూ మూతబడ్డాయి. వారం తిరగకముందే ఎర్రగడ్డ ఆసుపత్రికి రోగుల తాకిడి మొదలైంది. మందు దొరకక మూర్ఛలు, మతిచలనం. మే 6న తెలంగాణలో దుకాణాలు తెరిచిన నాడు వరుసలు ఎంత దూరం సాగాయో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. ఆ నలభై రోజులు బలవంతంగా మానినవారు ఆనాడు పాత కొలతతోనే మొదలుపెట్టారు. కరోనా గొడవలో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మనసు కాదు, మలుపు

మేస్త్రీ పడిపోయిన సంగతి ఊరికి చేరగానే అందరూ అన్నమాట ఒక్కటే: "వానికి మనసు లేదు." బావమరుదులు ఇంకో మెట్టు ఎక్కి, వీడు మారడు, పెండ్లి పీటల దాకా రానియ్యొద్దు అన్నారు. మనసు లేనివాడైతే నాలుగు నెలలు ఎట్లా ఆగాడని అడిగినవారు లేరు.

వియత్నాం యుద్ధం నాటి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. అక్కడ పోరాడిన అమెరికా సైనికుల్లో చాలామంది హెరాయిన్‌కు బానిసలయ్యారు. 1971లో వాళ్లు దేశానికి తిరిగి వస్తుంటే ప్రభుత్వం బెదిరిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వారి వెంట పడి లెక్కలు తీసింది. అక్కడ బానిసలైన వారిలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో తిరిగి బానిసలైనవారు నూటికి అయిదుగురే. అందరూ ఆశ్చర్యపోయారు. కారణాలు ఎన్నో చెప్పారు గాని అందులో ఒకటి మనకు తేలికగా అర్థమవుతుంది. వాళ్లు మత్తు తీసుకున్న చోటు ఎక్కడో సముద్రాల అవతల ఉండిపోయింది. ఆ గుడారం లేదు, ఆ తోటివాడు లేడు, ఆ భయం లేదు.

మనవాని సంగతి దీనికి తలకిందులు. మత్తు తీసుకునే చోటు నుంచి ఆసుపత్రికి తీసుకుపోతాం, బాగైన తర్వాత తిరిగి ఆ చోటుకే తెస్తాం. సాయంత్రం ఆరు గంటలు, పని దిగిన అలసట, కూలి డబ్బులు చేతిలో పడడం, సీసా మూత తీసిన వాసన, వీటన్నిటినీ మెదడు మందుతో కలిపి ముడివేసుకొని ఉంటుంది. ఏ ఒక్కటి ఎదురైనా ముడి లాగుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట తోడైతే లాగుడు బలపడుతుంది. పత్తర్‌గట్టి కమాను కింద ఆనాడు మేస్త్రీకి ఈ నాలుగూ ఒక్కసారే ఉన్నాయి. పైగా, పాతబస్తీ కట్టడాల్లో ఎన్నో ఏళ్లు పనిచేసిన మనిషి, ఈ దారులన్నిటిలో తాగి తిరిగినవాడు. అన్నం వేళకు అన్నం పెట్టించి ఉంటే చాలునేమో అని ఈ విలేకరికి ఇప్పటికీ అనిపిస్తుంది. హోటళ్లు ఎదురుగానే ఉన్నాయి, బేరం తెగిన తర్వాత తిందామన్నది ఈ విలేకరే.

మళ్లీ తాగడం అరుదైన సంగతి కూడా కాదు. మత్తు చికిత్స తీసుకున్నవారిలో నూటికి 40 నుంచి 60 మంది ఏడాది లోపల తిరిగి మొదలుపెడతారని 2000 సంవత్సరంలో ఒక అమెరికా వైద్య పత్రిక లెక్కగట్టింది. అదే వ్యాసం ఇంకో లెక్క కూడా ఇచ్చింది. రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో మందులు, పథ్యం తప్పి రోగం తిరగబెట్టేవారు నూటికి 50 నుంచి 70 మంది. బీపీ మాత్ర మానేసి పడిపోయినవాణ్ణి మనం ఇంట్లోకి రానియ్యొద్దని అనం. ఆసుపత్రికి తీసుకుపోతాం.

తప్పు జరిగిన తర్వాత మనిషి మనసులో జరిగేది కూడా తెలుసుకోదగినది. ఒక్క గుటక పడగానే "అయిపోయింది, నాలుగు నెలలు నీళ్లపాలు, ఇక తాగితే ఎంత, తాగకపోతే ఎంత" అనుకుంటాడు. మొదటి క్వార్టర్ కోరికతో తాగితే మిగతా రెండూ సిగ్గుతో తాగుతాడు. ఇంటికి పోవడానికి మొహం చెల్లదు. ఆనాడు బస్టాండులో ఎందుకు కూర్చున్నావని తర్వాత అడిగితే మేస్త్రీ చెప్పింది ఇదే. మొదటి సీసా తర్వాత లేచి కమానుల దగ్గరికి రావాలనే అనుకున్నాడట. ఆమె చూస్తుందని భయపడి రాలేదట. ఆ గంటలో ఎవరైనా ఫోను చేసి, ఏమీ అనకుండా, ఎక్కడున్నావు, వస్తున్నామని చెప్పి ఉంటే ఒక్క సీసాతో ఆగేదేమో. మేము చేసిన ఫోన్లు తిట్లతోనే మొదలయ్యాయి. రెండోసారి ఎత్తలేదు.

అన్నంలో మాత్ర కలపవచ్చునా

ఆసుపత్రి నుంచి ఊరికి తెచ్చిన తర్వాత ఇంకో గండం తప్పింది. నగరంలో అతికించిన కాగితాలు, ఫోనులో వచ్చే ప్రకటనలు చూసి, తెలియకుండా అన్నంలో కలిపితే మందు మానిపించే పొడి ఒకటి తెప్పించాలని బంధువులు నిర్ణయించారు. అందులో ఏముందో పొట్లం కట్టినవానికే తెలియాలి.

డైసల్ఫిరాం అనే మాత్ర ఒకటి నిజంగానే ఉన్నది. మందు మానడానికి అది పనికివస్తుందని డెన్మార్కు పరిశోధకులు కనిపెట్టి 1948లో ప్రకటించారు. అది వేసుకున్నవాడు మందు తాగితే ముఖం కందగడ్డ అవుతుంది, వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవడం. ఆ భయంతో తాగకుండా ఉంటాడన్నది లెక్క. మనిషికి తెలిసి, ఒప్పుకొని, వైద్యుని చూపులో వేసుకుంటేనే అది మందు. తెలియకుండా పెడితే విషంతో సమానం. తాను మాత్ర మింగానని తెలియనివాడు ధైర్యంగా మూడు క్వార్టర్లు తాగుతాడు. గుండె బలహీనంగా ఉంటే లేవడు. మాత్ర ఆపిన తర్వాత కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండవచ్చు. మద్యసారం కలిసిన దగ్గుమందులు, టానిక్కులు కూడా తాగరాదు. వాసన కోసం చల్లుకునే స్ప్రేలతో కూడా జాగ్రత్త అని వైద్యులు చెబుతారు. ఇదే పత్తర్‌గట్టిలో అమ్మే అసలైన అత్తరులో మద్యసారం ఉండదు, చందన తైలంలో దించుతారు. ఇది పక్క మాట.

కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడా ఉన్నాయి. ఎవరికి ఏది అన్నది వైద్యుడు చూసి చెప్పవలసిందే. మందు మాన్పించేటప్పుడు వణుకు తగ్గేందుకు ఇచ్చే నిద్రమాత్రలను, చీటీ పట్టుకొని నెలల తరబడి దుకాణంలో కొని మింగేవారు ఉన్నారు. ఒక గొయ్యి నుంచి లేచి ఇంకో గోతిలో పడడమే అది. ఆ మాత్రల మీద మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు.

21 రోజుల తర్వాత ఎవరు?

మేస్త్రీకి 21 రోజులు ప్రభుత్వం వైద్యం చేసింది. అది తక్కువేమీ కాదు. కానీ ఆ తర్వాత నాలుగు నెలల్లో ఆయన ఎట్లా ఉన్నాడని అడిగిన ప్రభుత్వ మనిషి ఒక్కరూ లేరు. మన ఊరికి గర్భిణులను చూడడానికి, పిల్లలకు టీకాలు వేయడానికి, బీపీ మాత్రలు ఇవ్వడానికి మనుషులు వస్తున్నారు. మందు మానినవాణ్ణి చూడడానికి ఎవరూ రారు. ఢిల్లీ ఎయిమ్స్ వారు దేశమంతా సర్వే చేసి 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారం మద్యం వల్ల సహాయం అవసరమైన స్థితిలో ఉన్నవారు సుమారు 5.7 కోట్లు. మద్యానికి బానిసలైన వారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికే. చికిత్సే అందనప్పుడు చికిత్స తర్వాతి సంగతి అడగడం అత్యాశ అని కొందరు అనవచ్చు. తర్వాతి సంగతి చూడకపోతే ఆ ఒక్కరికి చేసిన ఖర్చు కూడా నిలవదు.

వేరే చోట్ల చేసి చూపించినవారు ఉన్నారు. మద్రాసులో 1980లో శాంతి రంగనాథన్ గారు మొదలుపెట్టిన టి.టి. రంగనాథన్ సంస్థ, 1989 నుంచి తమిళనాడులోని మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు పెట్టింది. రోగిని నగరానికి తీసుకుపోవడానికి బదులు వైద్యాన్నే ఊరికి తెచ్చారు. పదిహేను రోజులు ఊళ్లోనే ఉంచి చూశారు, ఇంటివారిని కూర్చోబెట్టి చెప్పారు, తర్వాత కూడా వచ్చి పలకరించారు. బాగైనవాడు ఎక్కడ బతకాలో అక్కడే బాగయ్యాడు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు హైదరాబాదులో కూడా జరుగుతున్నాయి. రుసుము లేదు, పేరు అడగరు. కానీ మన జిల్లా కూలీ సాయంత్రం సమావేశానికి హైదరాబాదు పోయి రావడం జరిగే పని కాదు. ఊళ్లో మానినవారు నలుగురు ఉంటే వాళ్లే వారానికి ఒకసారి బడి అరుగు మీద కూర్చుంటే అడ్డుకునేవారు లేరు. మా ఊళ్లో మానినవారు ముగ్గురు ఉన్నారు. ఒకరి సంగతి ఇంకొకరు ఎత్తరు.

ప్రభుత్వం సంగతికి వస్తే, తాగడం మాని మళ్లీ మొదలుపెట్టినవారిలో మొదట లెక్కించవలసింది దానినే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995 జనవరి 16 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997 ఏప్రిల్ వచ్చేసరికి ఖజానాకు చేతులు వణికాయి, నిషేధం ఎత్తివేశారు. ఈనాడు తెలంగాణలో లైసెన్సు దుకాణాలే 2,620. ఊరూరా కిరాణా కొట్టు వెనుక నడిచే బెల్టు దుకాణాలు ఈ లెక్కలోకి రావు. 2025లో ఒక్క దుకాణానికి దరఖాస్తు పెట్టుకునేందుకే 3 లక్షల రూపాయలు, తిరిగి ఇవ్వరు. నిషేధం మళ్లీ పెట్టమని ఈ వ్యాసం అడగడం లేదు. 2015లో చూశాం, వైద్యం లేకుండా ఆపితే ఏమవుతుందో. ఆ ఆదాయంలో నుంచి మండలానికి ఒక మనిషిని పెట్టి, ఆసుపత్రి నుంచి వచ్చినవారిని ఆరు నెలలు నెలకు రెండుసార్లు పలకరించే ఏర్పాటు చేస్తే ఖజానాకు బరువయ్యేది కాదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యానికి, మత్తుకు సంబంధించిన మానసిక రుగ్మతలను కూడా రోగాలుగానే గుర్తించింది. రోగికి వైద్యం పొందే హక్కు, సంగతి గుట్టుగా ఉంచుకునే హక్కు ఉన్నాయి. కట్టివేసి కొట్టే కేంద్రాలు ఉన్నాయని వింటుంటాం. గొలుసుతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. ఫోనులో సలహా కావాలంటే మత్తు విముక్తికి 14446, మానసిక సమస్యలకు టెలిమానస్ 14416, రెండూ ఉచితం.

మేస్త్రీ బిడ్డ పెండ్లి జరిగింది. బావమరుదుల మాట చెల్లలేదు. కాళ్లు కడిగేటప్పుడు ఆయన చేతులు వణికాయి. మందు లేకనో, కన్నీళ్లకో ఈ విలేకరి చెప్పలేడు. పెండ్లినాటి రాత్రి మగపెండ్లివారు తాగుతుంటే భార్య ఆయనను గొడ్ల కొట్టం దగ్గరికి తీసుకుపోయి తెల్లవారేదాకా కూర్చోబెట్టింది. ఏమీ అనలేదు. అన్నం మాత్రం రెండుసార్లు పెట్టింది.

ఇప్పుడు పదిహేను రోజులకు ఒకసారి ఆసుపత్రికి పోవాలి. ఆమెకు బస్సు ఉచితం, ఆయనకు టికెట్టు కొనాలి. ఆనాటి కూలి ఇద్దరికీ పోతుంది. వచ్చే సోమవారం పోవలసిన తేదీ. కాంట్రాక్టరు అదే సోమవారం స్లాబు పెట్టుకున్నాడు, రాకపోతే వేరే మేస్త్రీని చూసుకుంటానని చెప్పాడట.